మంట తెలియని కళ్ళు

సుభాషిణి ఏ ఫోన్ కొనబోయినా ముందు అడిగే ప్రశ్న ఒకటే, కళ్ళు మండవు కదా అని. మండవనే చెప్పేవాళ్ళు షాపువాళ్ళు. కళ్ళకు హాయి అని అట్టపెట్టె మీద కూడా రాసుండేది. ఇంటికి తెచ్చిన వారానికల్లా మండడం మొదలయ్యేది.

ఆమె ఉద్యోగం అలాంటిది. మందులు ఇంటికి పంపించే ఒక యాప్‌లో కొనుక్కునేవాళ్ళు అడిగే ప్రశ్నలకి జవాబులు రాయాలి. అదంతా ఫోన్‌లోనే. గుంటూరు బ్రాడీపేటలో వాళ్ళు అద్దెకుండే వాటాలో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని పొద్దున కూర్చుంటే, మధ్యాహ్నానికి కళ్ళల్లో ఇసుక పోసినట్టుండేది. సాయంత్రానికి కణతలు పట్టుకుని పడుకునేది. కీరా ముక్కలు పెట్టుకుంది. మాడుకి ఆముదం రాసుకుంది. తెర వెలుగు తగ్గించింది, అక్షరాలు పెద్దవి చేసింది, చుక్కల మందు సీసాలకి సీసాలు ఖాళీ చేసింది. నాలుగేళ్ళ కూతురు లాస్య ఏదో చెప్పాలని దగ్గరికొస్తే, కళ్ళు మూసుకునే ఊఁ కొట్టేది.

భర్త కోటేశ్వరరావు మిర్చియార్డులో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర గుమాస్తా. మానెయ్యమని చాలాసార్లు చెప్పి చూశాడు. ఆమె మానలేదు. ముక్కూ మొహం తెలియని ఏ ముసలాయనో తన బీపీ మాత్రలు ఎప్పుడొస్తాయని అడిగితే ఓపిగ్గా జవాబిచ్చి, చివర్లో ఆయన పెట్టే దణ్ణం బొమ్మ చూసుకుని రోజంతా సంతోషంగా ఉండే మనిషి ఆమె.

సుభాషిణి అక్క వకుళ మంగళగిరి దగ్గర ఫోన్ తెరలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో, ప్రయోగశాలకి పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. సెలవు దొరికితే చెల్లెలింటికే వచ్చేది. ఒక ఆదివారం వచ్చేసరికి సుభాషిణి తడిగుడ్డ కళ్ళమీద వేసుకుని పడుకుని ఉంది. గుడ్డ తియ్యకుండానే, ఇన్ని తెరలు చేస్తావు, నా కళ్ళు మండని తెర ఒక్కటి చెయ్యలేవా అక్కా అంది. నవ్వుతూనే అంది. వకుళకి మాత్రం ఆ మాట ములుకులా దిగబడిపోయింది.

అప్పటినించీ ఆమెకి అదే పని. తెర వెలుగులో నీలం పాలు తగ్గించింది. మెరుపు తగ్గించింది. కాగితంలా కనిపించే తెర చేసింది. ఏది చేసినా పరీక్షకి కూర్చున్న అమ్మాయిలు గంట తిరిగేసరికి కళ్ళు నులుముకుంటూ లేచేవాళ్ళు. చివరికి ఒక రోజు, తీగల కలయికలో పొరపాటు జరిగి, పారేయాల్సిన తెర ఒకటి పరీక్ష బల్ల మీదికి వచ్చింది. దాని వెలుగు నిలకడగా లేదు, కంటికి అందనంత వేగంగా వణుకుతోంది. దాని ముందు కూర్చున్న అమ్మాయి మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. వకుళ వెళ్ళి భుజం తట్టి అడిగితే, కళ్ళు చల్లగా ఉన్నాయి మేడమ్, లేవాలనిపించలేదు అంది.

వకుళ ఆ వణుకుని పట్టుకుంది. ఎంత వేగంలో కళ్ళు చల్లబడుతున్నాయో, ఎంత దాటితే మళ్ళీ మండుతున్నాయో తేల్చుకుంది. పరీక్షకి కూర్చున్నవాళ్ళ కళ్ళకి ఎదురుగా కెమెరా పెట్టి చూస్తే రెప్పలు కొట్టుకోవడం బాగా తగ్గింది. కన్ను అలిసినప్పుడే కదా రెప్ప టపటపలాడుతుంది, అలవలేదు కనక ఆగింది అనుకుంది వకుళ. అది మంచి గుర్తనుకుని సంతోషించింది.

కంపెనీ యజమాని పురందర్ ఆ తెర ముందు ఒక పూట కూర్చుని లేచి, నమ్మలేనట్టు కణతలు తడుముకుని చూసుకున్నాడు. ఆయనకి చిన్నప్పటి నించీ పార్శ్వపు నొప్పి. తెర చూస్తే ఎక్కువవుతుంది. తన సొంత సరుకుని తానే చూడలేని వ్యాపారి ఆయన. దానికి చలువ తెర అని పేరు పెట్టింది ఆయనే. ముందుగా కొన్ని వేల ఫోన్లు చేయించి గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల షాపుల్లో అమ్మకానికి పెట్టించాడు. అంతకన్నా ముందే ఒకటి చెల్లెలికి తెచ్చి ఇచ్చింది వకుళ.

సుభాషిణి ఇల్లు మారిపోయింది. సాయంత్రం పని అయ్యాక కూడా ఆమె కళ్ళు తెల్లగా, తేటగా ఉండేవి. కూతురికి జడ వేసేది, బొమ్మలకి పెళ్ళి చేసేది. కోటేశ్వరరావు యార్డు నించి వచ్చేసరికి వేడి వేడిగా ఏదో ఒకటి వండి పెట్టేది. మీరు నా ఇంటిని నాకు తిరిగిచ్చారు వదినగారూ అన్నాడు ఆయన ఒకసారి, వకుళ చేతిలో కాఫీ గ్లాసు పెడుతూ. లాస్య అన్నం తినడానికి మారాం చేస్తే సుభాషిణి అదే ఫోన్‌లో బొమ్మల కథలు పెట్టేది. వేరే ఫోన్ అయితే పిల్ల కళ్ళు పాడవుతాయని భయపడేది. ఇది అక్క చేసిన తెర కదా. క్రమంగా పిల్ల అన్నం అప్పుడే కాదు, తల్లి పనిలో లేని ప్రతిసారీ దాన్ని పట్టుకుని కూర్చునేది.

వేసవి మొదలైన రోజుల్లో ఒక ఉదయం వకుళ చెల్లెలింటికి వెళ్ళింది. ఏడాదికి సరిపడా కారం కొట్టించడానికి ఆ రోజు మిరపకాయలు వేయిస్తున్నారు. మెట్ల మీదే ఘాటు ఎదురొచ్చింది. పక్క వాటాలవాళ్ళు కిటికీలు మూసుకున్నారు. రోజంతా మిరప బస్తాల మధ్య తిరిగే కోటేశ్వరరావు కూడా ఇంట్లో ఉండలేక, తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని తుమ్ముతూ వసారాలో నిలబడి ఉన్నాడు. వకుళ చున్నీతో ముక్కు మూసుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది. కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఎదురుగా ఏముందో సరిగ్గా కనపడలేదు.

తుడుచుకుని చూస్తే, సుభాషిణి బాణలి మీదికి వంగి అట్లకాడతో తిప్పుతోంది. దగ్గుతోంది, ముక్కు ఎగపీలుస్తోంది. కళ్ళు మాత్రం పొడిగా, బార్లా తెరుచుకుని ఉన్నాయి. పొగ నేరుగా కళ్ళలోకి కొడుతున్నా రెప్ప కదలడం లేదు. అక్కని చూసి ఆమె నవ్వింది.

"చూశావా అక్కా, ఈసారి నాకు ఘాటే తెలియడం లేదు. నీ ఫోన్ పుణ్యమే" అంది.

వకుళ నవ్వలేకపోయింది. ఎందుకో ఆ క్షణాన ఆమెకే తెలియలేదు. లాస్య గట్టు మీద ఫోన్ పెట్టుకుని బొమ్మలు చూస్తోంది. పక్కన చాటలో వేయించిన మిరపకాయలున్నాయి. చూపు తెర మీంచి తిప్పకుండానే ఒకటి తీసుకుని నలిపింది. గింజలు రాలాయి. ఆ చేత్తోనే కన్ను నులుముకుంది.

వకుళ ఒక్క అంగలో వెళ్ళి పిల్లని ఎత్తుకుంది. కుళాయి కింద ముఖం పెట్టి గుప్పిళ్ళతో నీళ్ళు కొట్టింది. సుభాషిణి అట్లకాడ పారేసి వచ్చింది. గోల విని కోటేశ్వరరావు పరుగెత్తుకొచ్చాడు. పిల్ల ఏడుస్తోంది. కన్ను ఎర్రబడి వాచిపోతోంది. కానీ అది ఏడుస్తున్నది మంటకి కాదు. బొమ్మలు అయిపోతాయి, వదులు పెద్దమ్మా అని గింజుకుంటోంది. కన్ను మండుతోందా తల్లీ అని అడిగితే, కన్ను ఎందుకు మండుతుంది అన్నట్టు చూసింది.

అప్పటికప్పుడు ఆటో పిలిచి ఇద్దరినీ కొత్తపేటలో కంటి డాక్టరు జుబేదా దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ మాట తక్కువ మనిషి. పిల్ల కన్ను కడిగి మందు వేసింది. వకుళ చెప్పినదంతా విని, దూది కొసని పురిగా మెలిపెట్టి, పక్కనించి తీసుకొచ్చి లాస్య కంటి నల్లగుడ్డుకి ఆనించింది. పిల్ల రెప్ప వెయ్యలేదు. రెండోసారి ఆనించింది. పిల్ల డాక్టరు చెవి కమ్మల వైపు ఆసక్తిగా చూస్తూనే ఉంది.

తరవాత సుభాషిణిని కూర్చోబెట్టి యంత్రంలోంచి చూసింది. చాలాసేపు చూసింది. కుడి కంట్లో ఏదో ఊక ముక్క గుచ్చుకుని ఉందని, అది పడి రోజులైందని, చుట్టూ పుండు లోపలికి తొలిచేసిందని చెప్పింది. ఆ కన్ను ఈ మధ్య కాస్త మసకగా ఉన్నమాట నిజమేననీ, నొప్పి లేదు కదా అని ఊరుకున్నాననీ ఒప్పుకుంది సుభాషిణి.

"నొప్పి ఉంటే ఆ రోజే వచ్చేదానివమ్మా" అంది జుబేదా. "కంటికి కాపలా అదే. గాలికి దుమ్ము పడుతుంది, వెంట్రుక పడుతుంది, ఆరిపోతుంది. చురుక్కుమంటేనే రెప్ప పడుతుంది, నీరు ఊరుతుంది. మీ ఇద్దరి కళ్ళల్లో ఆ చురుకు తెలిపే నరం నిద్రపోయింది."

సుభాషిణి ఏడ్చింది. బుగ్గల మీదికి కారుతున్న నీళ్ళు చూసి వకుళకి ఆశ పుట్టింది. కన్నీళ్ళు వస్తున్నాయి కదా డాక్టరుగారూ అంది. అవి మనసు పంపే నీళ్ళు, కన్ను అడిగి తెప్పించుకునేవి వేరు అంది జుబేదా.

మర్నాడు వకుళ ప్రయోగశాలలో తలుపు వేసుకుని చలువ తెర ముందు కూర్చుంది. ఇన్నాళ్ళూ ఇతరుల కళ్ళనే కొలిచింది కానీ, తన కళ్ళతో అంతసేపు ఎప్పుడూ చూడలేదు. మొదట మామూలు తెరలాగే ఉంది. తరవాత కనురెప్పల వెనక ఏదో బరువు దిగిపోయింది. సెలయేట్లో కాళ్ళు పెట్టుకున్నట్టుంది. ఇక ఎప్పుడూ కళ్ళు మూసుకోనక్కర్లేదనిపించింది. ఎవరో తలుపు కొట్టి భోజనానికి రమ్మంటే విసుగేసింది. సాయంత్రం పడుతుండగా లేచి, అద్దం ముందు నిలబడి, దూది పురి కంటి దగ్గరికి తెచ్చుకుంది. అది దగ్గరవుతుంటే అద్దంలో చూస్తూ ఉంది. అది నల్లగుడ్డుకి తగిలింది. తగలడం కనిపించింది, తెలియలేదు. తన ముఖంలో ఎవరిదో కన్ను పెట్టినట్టుంది. దూది కింద పారేసి గోడకి ఆనుకుని నిలబడింది. 

తెర వెలుగులోని ఆ వణుకే కంట్లోకి వెళ్ళి నరాన్ని జోకొడుతోందని ఇప్పుడు ఆమెకి అర్థమైంది. అలసట పోగొట్టే తెర కాదు తను చేసింది. అలిసిన సంగతి చెప్పే నోరు నొక్కే తెర.

వెంటనే పురందర్ గదికి వెళ్ళి, ఫోన్లన్నీ వెనక్కి తెప్పించాలని చెప్పింది. ఆయన మూర్ఖుడు కాదు, శ్రద్ధగానే విన్నాడు. ఒక ఇంట్లో ఇద్దరికి జరిగినదాన్ని బట్టి అంత పెద్ద నిర్ణయం ఎలా తీసుకుంటామన్నాడు. ఇన్ని వేల ఫోన్లు వాడుతున్నారు, ఒక్క ఫిర్యాదు రాలేదు, పైగా మెచ్చుకోళ్ళు వస్తున్నాయి అన్నాడు.

"ఫిర్యాదు ఎలా వస్తుందండీ?" అంది వకుళ. "నొప్పి తెలిస్తే కదా ఫిర్యాదు చేసేది?"

ఆయన జవాబు చెప్పబోయి ఆమె ముఖం చూసి ఆగాడు. వకుళ ఆయన ఎడమ కంటి వైపే చూస్తోంది. ఊడిన కనురెప్ప వెంట్రుక ఒకటి ఆయన కంటి గుడ్డు మీద అడ్డంగా పడి ఉంది. గుడ్డు కదిలినప్పుడల్లా అదీ కదులుతోంది. ఇంతసేపూ ఆయన దానితోనే మాట్లాడాడు, నవ్వాడు, కిటికీ వైపు చూశాడు. వకుళ తన సంచిలోంచి చిన్న అద్దం తీసి ఆయన ముందు పెట్టింది. పురందర్ అందులో చూసుకున్నాడు. వేలితో ఆ వెంట్రుకని తియ్యబోయి, తన వేలు తన కంటికి తగిలినా తెలియకపోవడంతో, అలాగే కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. అద్దం బోర్లించి, మా అబ్బాయి దగ్గర కూడా ఒకటుంది అన్నాడు.

ఆ సాయంత్రమే తయారీ ఆగింది. ఫోన్లు తిరిగిచ్చెయ్యమని పేపర్లలో వేయించారు, షాపుల్లో బోర్డులు పెట్టించారు. వకుళ మాత్రం అంతకన్నా ఎక్కువగా భయపడుతున్నది చెల్లెలి గురించి, పిల్ల గురించి. తెర చూడడం మానేస్తే నరం మేల్కొంటుందా అని జుబేదాని అడిగింది. సుభాషిణిది పెరిగిన నరం కనక మేల్కొనవచ్చు, పిల్లది ఇంకా పెరుగుతున్న కన్ను, చెప్పలేనంది ఆవిడ. అందాకా ఇద్దరికీ మందు వేసేటప్పుడూ అన్నాలవేళా తప్ప రెప్పలు మూసి పట్టీ వెయ్యమంది. కుడి కంటి పుండుకి మందులు వేస్తూనే ఉన్నారు. అది మానలేదు. ఒక పొద్దున పట్టీ విప్పగానే సుభాషిణి, ఈ కన్ను చీకటిగా ఉందక్కా అని మామూలు గొంతుతో చెప్పింది. గుడ్డుకి చిల్లి పడింది. అప్పుడు కూడా ఆమెకి నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవడాన్నే కోటేశ్వరరావు తట్టుకోలేకపోయాడు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, కన్ను పోయినా తెలియకపోతే ఎలా వదినగారూ అని అదే మాట అంటూ ఉండిపోయాడు.

వకుళ సెలవు పెట్టి చెల్లెలింట్లోనే ఉంది. తెర చూసింది ఒక్క రోజే కనక ఆమె కళ్ళకి కాస్త మండి, చురుకు త్వరగానే తిరిగొచ్చింది. బయటికి వెళ్ళినా ఆమెకి స్థిమితం లేదు. బస్సులో ఎదురు సీట్లో కూర్చున్నవాళ్ళ రెప్పల వైపే చూసేది. ఎవరైనా కాసేపు రెప్ప వెయ్యకపోతే వంగి, చేతిలో ఏ ఫోన్ ఉందో చూసేది.

సుభాషిణి ఎడమ కంట్లో స్పర్శ ముందుగా తిరిగొచ్చింది. రావడం మామూలుగా రాలేదు. ఇన్నాళ్ళూ నొక్కిపెట్టిన మంట అంతా ఒక్కసారి కక్కినట్టు, కంట్లో నిప్పు పెట్టినట్టు వచ్చింది. గాలి తగిలినా మండేది. వెలుగు పడినా మండేది. దుప్పటి నోట్లో కుక్కుకుని మూలిగేది. ఒక్క చూపు, ఒకే ఒక్క చూపు ఆ తెర చూస్తే చల్లబడిపోతుందని ఆమెకి తెలుసు. వకుళ తెచ్చిచ్చిన ఆ ఫోన్‌ని కంపెనీకి తిరిగి పంపేదాకా బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ తాళంచెవి తనకి ఇవ్వమని అక్క కాళ్ళు పట్టుకుంది ఒకసారి. వకుళ ఇవ్వలేదు. ఇవ్వనందుకు ఆ రోజంతా చెల్లెలు మాట్లాడలేదు. కొన్నాళ్ళకి మంట తగ్గి మామూలు మంటయింది, అందరికీ ఉండే మంట.

పిల్లకి మాత్రం ఏమీ రాలేదు. పట్టీ విప్పి జుబేదా దూది ఆనిస్తే అలాగే చూస్తుండేది. ఇంట్లోవాళ్ళు పట్టీ ఉన్నంతసేపూ ఫరవాలేదనుకుని, విప్పినప్పుడల్లా పక్కనించి కదిలేవాళ్ళు కాదు. ఎగిరే ఈగని చూసినా భయమే. ఆడుకునే మట్టిని చూసినా భయమే. బతుకంతా ఈ పిల్ల కళ్ళకి ఎవరో ఒకరు కాపలా కాయాలా అని వకుళ అనుకునేది. ఎంతకాలం కాయగలరు? బళ్ళో ఎవరు కాస్తారు?

ఒక మధ్యాహ్నం అన్నాలవేళ, పట్టీ విప్పి ఉండగా, లాస్య కెవ్వుమంది.

చేతిలో ముద్ద పారేసి, రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకుని నేల మీద దొర్లింది. ఆ పిల్లకి అది మంట అని కూడా తెలియదు. ఏ పేరు పెట్టి చెప్పాలో తెలియక, పెద్దమ్మ నా కంట్లో ఏదో పెట్టింది, తీసెయ్యమనండి అని అరిచింది. చుక్కల మందు వేసేది వకుళే కనక అలా అనుకుంది. వకుళ దగ్గరికి వెళ్ళబోతే కాళ్ళతో తన్నింది. నువ్వు రావద్దు, నువ్వు రావద్దు అంటూ గోడ వారకి పాకిపోయింది. వకుళ అక్కడే ఆగిపోయింది. అటు వెళ్ళనూ లేదు, ఇటు రానూ లేదు.

సుభాషిణి పిల్లని లాక్కుని ఒళ్ళో అదిమి పట్టుకుంది. పిల్ల తల్లి చెయ్యి కొరికింది. ఏడ్చి ఏడ్చి ఊపిరి అందక ముఖం నల్లబడిపోతుంటే కోటేశ్వరరావు చూడలేకపోయాడు. లేచి వకుళ సంచిలోంచి తాళంచెవి తీసి, బీరువా దగ్గరికి వెళ్ళి తిప్పాడు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

"తియ్యకండి" అంది సుభాషిణి.

"ఒక్క నిమిషం చూపిస్తే ఊరుకుంటుంది సుభా. చచ్చిపోయేలా ఉంది."

"ఊరుకుంటుంది. అందుకే వద్దంటున్నాను."

ఆమె గొంతు పెంచలేదు. పట్టీ కట్టిన కుడి కన్ను అటు, మండీ మండీ ఎర్రబడిన ఎడమ కన్ను ఇటు, భర్త వైపు తిరిగి చూసింది. ఆయన ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పిల్ల ఆ ఫోన్‌ని చూసింది. చేతులు చాచింది. నాన్నా ఇవ్వు, నాన్నా ఇవ్వు అని బతిమాలింది. తండ్రి ముఖం అటు తిప్పుకున్నాడు. తరవాత ఫోన్ తీసుకుని వసారాలోకి వెళ్ళిపోయాడు. రోకలిబండతో కొట్టిన చప్పుడు లోపలికి వినపడింది. ఆ చప్పుడికి పిల్ల ఇంకా పెద్దగా ఏడ్చింది.

ఆ ఏడుపు ఎండ తగ్గేదాకా సాగింది. ఇరుగుపొరుగువాళ్ళు గుమ్మంలోకి వచ్చి, ఎందుకలా కొడుతున్నారు పిల్లని అని అడిగి వెళ్ళారు. ఎవరికని ఏం చెబుతారు? సుభాషిణి పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, మండుతుంది నాన్నా, మండనీ, అమ్మకి కూడా మండింది అని నెమ్మదిగా చెబుతూ ఉండిపోయింది. మంట అన్న మాట పిల్లకి ఆ రోజే తెలిసింది. సాయంత్రానికి, మంట అమ్మా అని తనే అంది. ఫ్యాను గాలి ముఖానికి తగిలినప్పుడు రెండు రెప్పలూ గట్టిగా బిగించి మూసుకుంది. మూసుకోమని ఎవరూ చెప్పలేదు. అది చూసి వకుళ బయటికొచ్చి, పగిలిన ఫోన్ ముక్కల పక్కన మెట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. చాలా రోజుల దాకా లాస్య పెద్దమ్మ దగ్గరికి రాలేదు. ఆమె వస్తే వెళ్ళి తల్లి వెనక దాక్కునేది.

ఫోన్లు అనుకున్నట్టు తిరిగి రాలేదు. కంపెనీ అరండల్‌పేటలో ఒక షాపులో బల్ల వేసి, చలువ తెర తెచ్చిచ్చినవాళ్ళకి వేరే ఫోన్ ఇస్తామంది. మొదట్లో కొంతమంది తెచ్చారు. వాళ్ళల్లో కొందరు మంట మొదలైన మర్నాడే తిరిగొచ్చి, మా పాతది మాకిచ్చెయ్యండని పోట్లాడారు. ఆ కబురు ఊళ్ళు దాటిపోయింది. మానేస్తే కళ్ళు మండుతాయట, మానకపోతే ఏమీ కాదట అని జనం చెప్పుకున్నారు. ఆ తరవాత బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళే తగ్గిపోయారు. చలువ తెరలని దొంగచాటుగా ఎక్కువ రేటుకి కొంటున్నారని కూడా విన్నారు. పురందర్ తన కొడుకుతో సహా ఆస్పత్రిలో ఉన్నాడు. వకుళ రోజూ వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చునేది. చూపు కాస్త కుదుటపడ్డాక సుభాషిణి కూడా వచ్చి పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది.

ఒక రోజు తాడికొండ వైపు నించి వచ్చానంటూ ఒకామె వచ్చింది. చంకలో మూడేళ్ళ పిల్ల. సంచిలోంచి ఫోన్ తీసింది కానీ బల్ల మీద పెట్టలేదు. చేత్తోనే పట్టుకుని, పిల్లకి ఎంత మండుతుందమ్మా అని అడిగింది.

వకుళకి అబద్ధం ఆడాలనిపించింది. కొంచెమే అంటే ఇచ్చేస్తుంది. ఇచ్చిన మూడో రోజు పిల్ల మంట చూడలేక దొంగచాటుగా మళ్ళీ చలువ తెరే కొంటుంది. అలా కొన్నవాళ్ళు మళ్ళీ ఈ గుమ్మం తొక్కరు. ఆమె నోరు తెరిచేలోపు సుభాషిణి చెప్పింది.

"చాలా మండుతుంది. మీరు చూడలేరు. మా ఆయన చూడలేకపోయాడు."

ఆమె సుభాషిణి ముఖం వైపు, మూసుకుపోయిన ఆ కుడి కంటి వైపు చూసింది. ఫోన్ మళ్ళీ సంచిలో పెట్టుకుంది. మా పిల్లకి ఇప్పుడు బాగానే ఉంది కదా, చూద్దాంలెండి అని గొణిగి, గబగబా రోడ్డు మీదికి నడిచింది. వకుళ లేవలేదు. లేచి ఏం చెబుతుంది? చెప్పాల్సింది చెప్పేశారు.

అప్పుడే ఒక ఇసుక లారీ పోయింది. రోడ్డంతా దుమ్ము లేచింది. షాపులోవాళ్ళు, సోడా బండివాడు, రిక్షాలో కూర్చున్న ముసలమ్మ, అందరూ కళ్ళు మూసుకుని ముఖాలు తిప్పుకున్నారు. ఆ తల్లి కూడా చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజం మీంచి వెనక్కి చూస్తున్న పిల్ల మాత్రం కళ్ళు తెరుచుకునే ఉంది. దుమ్ములోంచి సుభాషిణినే చూస్తోంది, నవ్వుతోంది.

సుభాషిణి బల్ల తోసుకుని లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా ఆ ఎండలో పరుగెత్తింది. ఒక కన్నే కనక దూరం సరిగ్గా తెలియక, దారిలో సైకిలుకి తట్టుకుని, మళ్ళీ లేచి పరుగెత్తింది. మలుపులో ఆమెని అందుకుని చెయ్యి పట్టుకుంది. ఆమె విడిపించుకోబోయింది. సుభాషిణి పట్టు వదల్లేదు. వకుళ వెనకే వెళ్ళింది. వాళ్ళ దగ్గరికి చేరేసరికి చెల్లెలు వగరుస్తూ చెబుతోంది, మీరు ఒక్కరూ చూడలేరు, నేనొచ్చి మీ ఇంట్లో ఉంటాను, మంట తగ్గేదాకా ఉంటాను, పిల్లని నేను పట్టుకుంటాను, నన్ను తిట్టనివ్వండి, కొరకనివ్వండి అని.

ఆ తల్లి విడిపించుకోవడం మానింది. పిల్ల ముఖం మీది దుమ్ముని కొంగుతో తుడిచింది. ఎర్రటి గీతలు తేలిన ఆ చిన్న కళ్ళని మొదటిసారి చూసినట్టు చూసింది.

ఫోన్ ఇవ్వలేదు. ఇంటి గుర్తులు మాత్రం చెప్పింది.